శనివారం ఆసుపత్రి సేవ మానేస్తే దేవుని పని మానేసినట్టేనా?

గాజువాక_మార్త
ఏడేళ్ళుగా ప్రతి శనివారం మా సంఘం ఆడవాళ్ళం ఆరుగురం విశాఖ కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఇడ్లీ పట్టుకెళ్తున్నాం. రోగుల కోసం కాదు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళ కోసం. పాడేరు, అరకు, సాలూరు, ఒడిశా వైపు నుంచి వస్తారు, వరండాల్లో చాపలేసుకుని పడుకుంటారు. రోగికి ఆసుపత్రిలో పెడతారు, వీళ్ళకెవరు పెడతారు? మా పని అక్కడ మొదలైంది. శుక్రవారం రాత్రి పిండి నానేస్తాం, తెల్లారి నాలుగింటికి లేచి కాస్తాం, రెండు పెద్ద క్యాన్లలో పోసి ఆటో ఎక్కిస్తాం.

రెండు నెలల కిందట మా అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ 78 ఏళ్ళ మనిషి, ఇంకా మంచం మీదే ఉన్నారు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం అన్నీ నేనే. నాలుగు శనివారాలు ఆసుపత్రికి వెళ్ళలేదు. "నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూడకూడదు చెల్లీ, ఇది సాతాను తెచ్చిన ఆటంకం" అంది మా గుంపులో ఒక అక్క.

నన్ను లోపల తినేస్తున్నది ఆ మాట కాదు. అక్కడ ముక్కూ మొహం తెలియని ముసలమ్మకి గ్లాసు నోటికందించి మూతి తుడిస్తే నా గుండె నిండిపోతుంది. అదే పని ఇంట్లో పళ్ళు బిగపట్టి చేస్తున్నాను. మొన్న ఒక్క రాత్రిలో మూడోసారి దుప్పటి తడిసిందని గట్టిగా అరిచేశాను. అత్తయ్య ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అలా తిరగడానికి కూడా ఆవిడకి నొప్పే. ఆ రోజు నుంచి ప్రార్థనకి కూర్చుంటే నోట మాట రావట్లేదు. శనివారం వెళ్ళాలా, మానాలా? దేవుని పని ఏది?

మల్కాపురం_తాత
నాగలి మాట లూకా 9లో ఉంది, నిజమేనమ్మా. మార్కు 7 కూడా ఓపాలి చదవమని ఆ అక్కకి చెప్పు. తల్లిదండ్రులకి చెందాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవుడికి ఇచ్చేశాను అని చెప్పి చేతులు దులిపేసుకునేవాళ్ళుండేవారు. అలా చెయ్యనిచ్చిన పరిసయ్యుల్నీ శాస్త్రుల్నీ ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో చూడు. దేవుడి పేరు చెప్పి అమ్మకి ఎగ్గొడితే ఆ దేవుడే ఒప్పుకోలేదు.

వాక్యమే_దీపం
తాతగారూ, మత్తయి 10:37 కూడా వాక్యమే కదా. తండ్రినిగానీ తల్లినిగానీ నాకంటే ఎక్కువగా ప్రేమించేవాడు నాకు పాత్రుడు కాడు అన్నాడు ప్రభువు. ఇంటి కష్టాలు ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లో అన్నీ చక్కబడ్డాకే సేవ అనుకుంటే ఆ శనివారం ఎప్పటికీ రాదు. సహోదరీ, ఏడేళ్ళ సేవ చిన్న విషయం కాదు. ఏదో ఏర్పాటు చేసుకుని వెళ్ళండి.

కేజీహెచ్_నర్సమ్మ
వాక్యాల సంగతి తర్వాత. మార్త గారూ, ముందు మూడు ప్రశ్నలు.

రాత్రికి మూడుసార్లు తడుస్తోందంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించారా? ముసలివాళ్ళకి జ్వరం రాకుండా కూడా ఉంటుంది, తికమక పడతారు, పక్క తడుపుతారు. దుప్పటి తడిపితే అది మొండితనం కాదు, జబ్బు కావచ్చు.

నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూస్తున్నారా? ఎర్రబడ్డ చోట రుద్దకండి, రుద్దితే చర్మం ఇంకా పాడవుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా ఎత్తి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం: తుంటి ఆపరేషన్ అయినవాళ్ళని మర్నాటి నుంచే లేపి నిలబెట్టడానికి చూస్తాం. రెండు నెలలుగా మంచం మీదే ఎందుకున్నారు? లేవొద్దని డాక్టరు చెప్పారా, లేక లేపే మనిషి లేకా?

గాజువాక_మార్త
లేపే మనిషి లేకే అక్కా. వాకర్‌తో నడిపించమన్నారు, ఫిజియోథెరపీకి తీసుకురమ్మన్నారు. ఆవిడ బరువు నా ఒక్కదాని వల్ల కాదు. ఒకసారి లేపబోయి ఇద్దరం మంచం అంచున కూలబడ్డాం. అప్పట్నుంచి భయం. ఇన్ఫెక్షన్ సంగతి నాకు తట్టనేలేదు, రేపే చూపిస్తాను.

రాస్‌హిల్_జోజమ్మ
మార్తా, నేనొకటి చెప్తాను, ఎవరూ నన్ను తిట్టకండి. మా అమ్మని సిస్టర్స్ నడిపే వృద్ధుల ఇంట్లో చేర్చాను. మతిమరుపు జబ్బు. అర్ధరాత్రి తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయేది. నేను ఉద్యోగానికి వెళ్ళాలి, తోడు ఎవరూ లేరు. చేర్చిన రోజు రాస్‌హిల్ కొండ మీద మా మేరీమాత గుడికి ఎక్కి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇటు చూస్తే హార్బరు, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి. మూడు కొండల మీదా జనం అమ్మా నాన్నల ఆరోగ్యం కోసమే మొక్కుతుంటారు గదా, నేనేమో అమ్మని వదిలేసి వచ్చాను అనిపించింది. అయిదేళ్ళయింది. రోజు విడిచి రోజు వెళ్తాను, తల దువ్వుతాను, నా పేరు మర్చిపోయినా జడ వేస్తుంటే మాత్రం మెడ వంచుతుంది. ఇంట్లో ఉంచుకుంటేనే ప్రేమ అనేవాళ్ళు ఒక్క రాత్రి ఆ తలుపు దగ్గర కాపలా కాసి చూడండి.

భీమిలి_టీచర్
జోజమ్మా, తిట్టడం కాదు, చదివి లేచి వెళ్ళి మా అమ్మకి ఫోన్ చేశాను.

సింహాచలం_కోడలు
నాది ఇంకోరకం. మా అత్తగారివాళ్ళు హిందువులు. ఆవిడకి చూపు తగ్గింది. ప్రతి ఏడూ చందనోత్సవానికి సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం చేసుకోవాలి ఆవిడకి. స్వామి చందనం లేకుండా కనిపించేది ఏడాదికి ఆ ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు. జనం కొండంతా ఉంటారు. మా ఆయన డ్యూటీలో ఉంటే నేనే చెయ్యి పట్టుకుని క్యూలో నిలబెట్టి, లోపలికి వాళ్ళ చెల్లెలితో పంపి, బయట నీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంటాను. ఆవిడ నన్ను చర్చికి వెళ్ళొద్దని ఒక్కరోజూ అనలేదు. క్రిస్మస్‌కి అరిసెలు వండేది ఆవిడే.

వాక్యమే_దీపం
దీనితో నేను ఏకీభవించను సహోదరీ. సేవ వేరు, రాజీ వేరు.

సింహాచలం_కోడలు
చూపు లేని మనిషి చెయ్యి పట్టుకున్నానండీ. ఆవిడ దండం పెట్టుకుంది, నేను పెట్టలేదు. మోయాబు నుంచి వచ్చిన రూతు కథ మనం ప్రతి పెళ్ళిలో చెప్తాం. అది అత్తా కోడళ్ళ కథ. మా ఇంట్లో దేవుడు వేరని నేను చెయ్యి వదిలేస్తే, ఆ దేవుడి గురించి ఆవిడకి ఇంకేం చెప్పగలను?

స్టీల్‌ప్లాంట్_బి_షిఫ్ట్
ఇదే చర్చలో ఒకటి అడగొచ్చా. మా నాన్నకి డయాలసిస్ వారానికి రెండుసార్లు. అది పథకంలో జరిగిపోతోంది గానీ, మందులూ ఆటోలూ కలిపి నెలకి ఏడెనిమిది వేలవుతోంది. మూడు నెలలుగా సంఘానికి దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఇవ్వలేకపోయాను. ఆదివారం కానుక సంచి నా ముందుకొస్తే తల దించుకుంటున్నాను. ఇది తప్పా?

మల్కాపురం_తాత
పైన నాను రాసిన కొర్బాను సంగతే ఇది బాబూ. తలెత్తుకో.

వాక్యమే_దీపం
కష్టం అర్థమవుతోంది తమ్ముడూ. కానీ ప్రతివాడూ ఏదో ఖర్చు చూపించి మానేస్తే సంఘం ఎలా నడుస్తుంది? సారెపతు విధవరాలు ఉన్న చివరి పిండిలోంచే ముందు ఏలీయా ప్రవక్తకి రొట్టె చేసిపెట్టింది.

పెందుర్తి_పాస్టరమ్మ
కానుక సంచి లెక్క చూసే ఇంట్లోంచే చెప్తున్నాను. ద్వితీయోపదేశకాండం 14 చివర చూడండి. మూడో ఏటి దశమభాగం ఊళ్ళోనే ఉంచాలి, లేవీయులూ పరదేశులూ తండ్రి లేనివాళ్ళూ విధవరాండ్రూ తిని తృప్తి పడాలి అని ఉంది. దశమభాగం అంటే మందిరానికి వెళ్ళేది మాత్రమే కాదు. బి షిఫ్ట్ తమ్ముడూ, మీ నాన్నగారి మందుల చీటీ మీ పాస్టరుగారికి చూపించండి. నిజానికి సంఘమే మీ ఇంటికి రావాల్సిన సమయం ఇది. ఇవ్వలేకపోతున్నానని దిగులుపడే మనిషిని పట్టించుకోకుండా సంచి ముందుకు జరిపితే తప్పు మాది.

స్టీల్‌ప్లాంట్_బి_షిఫ్ట్
అమ్మా, ఈ మాట ఎవరైనా చెప్తారేమోనని మూడు నెలలు చూశాను.

లా_చదివిన_రూతు
మొదటి నుంచీ మొత్తం చదివాను. వెళ్ళాలా మానాలా అని ఇంతమంది మార్త గారికి సలహా చెప్పారు. ఆ తల్లికి కొడుకు లేడా అని ఒక్కరూ అడగలేదే?

తాతగారూ, మీరు చెప్పిన మార్కు 7లో ప్రభువు మాట తల్లిదండ్రులకి ఎగ్గొట్టే పిల్లల గురించి, కోడళ్ళ గురించి కాదు. 1 తిమోతి 5:4లో విధవరాలికి పిల్లలుగానీ మనవలుగానీ ఉంటే ముందు వాళ్ళు తమ ఇంట్లో భక్తి చూపించడం నేర్చుకోవాలి అంటాడు పౌలు. మన దేశపు చట్టమూ అదే వరస. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. అందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. ఆ నిర్వచనంలో కోడలు లేదు. కోడలు చెయ్యకూడదని నేననను, మా అత్తగారికి నేనూ చేశాను. కానీ వాక్యమూ చట్టమూ కొడుకుని పిలుస్తుంటే, పలుకుతున్నది మాత్రం ఎప్పుడూ కోడలే. అలా పలికీ పలికీ గొంతు పోయి ఒకరోజు అరిస్తే, ఆ పాపం కూడా ఆమె ఖాతాలోకే వెళ్తోంది.

మార్త గారూ, మీ ఆయన శనివారం ఏం చేస్తారు?

కేజీహెచ్_నర్సమ్మ
నేనూ "లేపే మనిషి లేరా" అనే అడిగాను. మనిషి ఇంట్లోనే ఉన్నాడేమో అని నాకూ తట్టలేదు. రూతమ్మా, బాగా అడిగావు.

గాజువాక_మార్త
ఈ ప్రశ్న చూసి ఒకరోజంతా జవాబు రాయలేదు.

మా ఆయన మంచివారు. తాగరు, నన్ను ఒక్క మాట అనరు. సంఘంలో పెద్ద. శనివారం సెలవే. పొద్దున్న సంఘం లెక్కలు, సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు. అత్తయ్య గదిలోకి రోజూ వస్తారు, గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, ఎలా ఉంది?" అంటారు. ఆవిడ "బాగానే ఉంది నాయనా" అంటారు. అయిపోతుంది. మా బావగారు విజయనగరంలో ఉంటారు, ఖర్చు పంచుకుంటానని ఫోన్ చేస్తే మా ఆయనే "నా తల్లిని నేను చూసుకోలేనా" అన్నారు. ఆ మాటకి అర్థం నేను చూసుకుంటానని.

ఆయన్ని అడగలేదు. ఆడవాళ్ళ పని, మగాడు తల్లికి బెడ్‌పాన్ ఎలా పెడతాడు అనుకున్నాను. అడగడమే తప్పనుకున్నాను.

మల్కాపురం_తాత
అమ్మా, ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మా అమ్మ తొమ్మిదేళ్ళు మంచం మీదుంది. నాను పోర్టులో పని చేసి, సాయంత్రాలు సందు సందుకీ ఎల్లి సువార్త చెప్పీవోణ్ణి. హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ పూట మా ఇంటి రేకులు లేచిపోయాయి. మా ఇంటిది చుట్టాలింటికి ఎల్లి అక్కడే సిక్కడిపోయింది. ఇంట్లో అమ్మా నేనే. గాలి హోరుకి అమ్మ వణుకుతోంది, బట్టలు తడిసిపోయాయి. మార్చాలి గదా. నాకు ఏ చెయ్యి ముందు తియ్యాలో తెలీలేదు. ఎడమ భుజం పైకి లేవదని తెలీక లాగేశాను, కెవ్వుమంది. మూడేళ్ళుగా ఆ భుజం లేవట్లేదంట. మా ఇంటిదానికి తెలుసు. నాకు తెలీదు. ఒకే ఇంట్లో ఉన్నాను.

కరెంటు లేదు, ఫోన్లు లేవు, మా ఇంటిది రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నానే చేశాను. ముప్ఫై ఏళ్ళు సువార్త చెప్పినోణ్ణి, మా అమ్మ ఒంటి మీద ఎక్కడ నొప్పో అప్పుడు తెలుసుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. రాత్రి పూట నాదే.

కొర్బాను గురించి నీకు సెప్పాను గానీ, ఆ మాట తగలాల్సింది నాలాంటోళ్ళకి. ఇది మీ ఆయనకి సూపించమ్మా.

రాస్‌హిల్_జోజమ్మ
తాతగారూ, దండం.

భీమిలి_టీచర్
ఒక్క చిన్న మాట. పెద్ద పనులు పంచుకోవడం బైబిల్లో కొత్తేమీ కాదు. ఒక్కడివే చేస్తే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, పంచు అని మోషేకి చెప్పింది ఎవరు? మామగారు, యిత్రో. అత్తింటివాళ్ళ మాట విన్న మొదటి పెద్దమనిషి మన మోషేనేమో :)

పాత_పుస్తకాల_మనిషి
శనివారం సేవ ఆగిపోతుందని బెంగ పడుతున్నారు గదా, మన ఊరి సంగతే ఒకటి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. పుస్తకం వాళ్ళిద్దరూ చూడలేదు. వేరేవాళ్ళు అచ్చు దాకా తీసుకెళ్ళారు. మార్త గారూ, మీ గుంపులో ఇంకా అయిదుగురున్నారు. నాలుగు శనివారాలు మీరు లేకపోతే అంబలి ఎవరు కాచారు?

గాజువాక_మార్త
వాళ్ళే కాచారు. ఒక్క వారం కూడా ఆగలేదు. నిజం చెప్పాలంటే అది విని నాకు కొంచెం బాధ కూడా వేసింది. ఆ బాధ ఎందుకో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

వాక్యమే_దీపం
నేను రాసినవి మళ్ళీ చదువుకున్నాను. ప్రభువుని అందరికంటే ఎక్కువగా ప్రేమించాలన్న మాట దగ్గరే నేనింకా ఉన్నాను. కానీ సహోదరికి "ఏదో ఏర్పాటు చేసుకోండి" అన్నాను. ఏ ఏర్పాటు, ఎవరు చెయ్యాలి అన్నది ఆలోచించకుండా అన్నాను. నాకు ఓమ్ని వ్యాన్ ఉంది. కూర్మన్నపాలెంలో ఉంటాను, శనివారం పొద్దున్న ఖాళీ. క్యాన్లు నేను తీసుకెళ్తాను. ఆటో కోసం మీ ఆడవాళ్ళు నిలబడక్కర్లేదు.

గాజువాక_మార్త
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

నర్సమ్మక్కా, ఇన్ఫెక్షనే. మందు పడ్డాక నాలుగో రోజుకి దుప్పటి పొడిగా ఉంది. ఆ పొడి దుప్పటి చేత్తో తడిమి చూసుకుని ఏడ్చాను. జబ్బు మీద అరవాల్సింది మనిషి మీద అరిచాను. అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని అడిగితే "అరిస్తే అరిచావులే, దుప్పటి మార్చే కదా పడుకున్నావు" అన్నారు.

తాతగారి పోస్టు మా ఆయనకి చూపించాను. చదివి ఫోన్ నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. ఆ రాత్రి పన్నెండింటికి అలారం మోగింది, నాది కాదు. ఆయన లేచి వెళ్ళి "అమ్మా, పక్క మారుస్తాను, ఏ వైపు నొప్పి?" అని అడగడం వినిపించింది. నేను లేవలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నాను. రెండు నెలల్లో మొదటిసారి తెల్లారే దాకా నిద్రపోయాను.

క్వయర్‌కి ఇంకొకరిని చూసుకోమని చెప్పేశారు. బెడ్‌పాన్ మాత్రం అత్తయ్యే కొడుకు చేత వద్దంటున్నారు, అది నేనే. బావగారి డబ్బు తీసుకుంటున్నాం, దాంతో ఫిజియోథెరపీ అబ్బాయి ఇంటికే వస్తున్నాడు. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నాలుగడుగులు. అటు మా ఆయన, ఇటు నేను.

మొన్న శనివారం ఆసుపత్రికి వెళ్ళాను. పదకొండున్నరకి తిరిగొచ్చేసరికి మా ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు, వేడినీళ్ళ బేసిను పక్కన, అమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తున్నారు. ఆవిడ గోళ్ళు గట్టి, నానబెడితేగానీ తెగవు. నన్ను చూసి "అమ్మకి రెండో వేలు మూడో వేలి మీదికెక్కి ఉంటుంది, నీకు తెలుసా?" అన్నారు. తెలుసన్నాను.

మల్కాపురం_తాత
సాలమ్మా. ఇంక నాను నిద్రపోతాను.

లా_చదివిన_రూతు
వచ్చే శనివారం కూడా వెళ్తున్నారా?

గాజువాక_మార్త
రెండు వారాలకోసారి వెళ్తాను, మిగతా వారాలు ఆ అయిదుగురే. నాకు నాగలి మాట చెప్పిన అక్క నిన్న ఇంటికొచ్చి, అత్తయ్య దగ్గర కూర్చుని, నేను స్నానం చేసి వచ్చే దాకా కబుర్లు చెప్పింది.

ఇంకోటి. ఈ గురువారం అత్తయ్యకి వీపు వెనక దిళ్ళు పెట్టి కూర్చోబెడితే, చోళ్ళ చేట ఒళ్ళో పెట్టమన్నారు. గంటసేపు రాళ్ళేరారు. మట్టి ఎక్కువుంది, ఏ కొట్లో కొన్నారని కోప్పడ్డారు. పోయినవారం అంబలి ఎలా కాచామో అడిగి, "వరండాలో పడుకునేవాళ్ళకి అంత పల్చగా పోస్తే మధ్యాహ్నానికే ఆకలేస్తుందే, ఇంకో రెండు గుప్పిళ్ళు నూకలెయ్యి" అన్నారు.

కేజీహెచ్_నర్సమ్మ
వేళ్ళకీ భుజాలకీ అంతకన్నా మంచి వ్యాయామం లేదు. చేట రోజూ ఇవ్వండి.

వాక్యమే_దీపం
శనివారం అయిదింటికి బండి మీ సందు చివర ఉంటుంది. నూకలు ఎక్కువేస్తే మూడో క్యాను కావాలేమో, మా ఇంట్లో ఒకటుంది, కడిగి తెస్తాను. మూతలు మాత్రం ఈసారి గట్టిగా బిగించండి, మొన్న వెనక సీటు తడిసింది.